మా ఆవిడ తోలిన పడవ

ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరికి బస్సు తోలిన అన్నేళ్ళలో నేను నా బండిని ఒక్కసారి కూడా గుంటలో దించలేదు. ఈ గొప్ప చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. సిగ్గుపడవలసింది కాండీ చెరువులో జరిగినదానికి. అదీ దాచుకోను.

యాభైల మొదట్లో మా తమ్ముడు సిలోనులో, కాండీ అనే ఊళ్ళో బట్టల కొట్టు గుమాస్తాగా ఉండేవాడు. పర్మిట్ కాగితాలు వాడే సంపాదించి, వారం రోజులు ఉండి పొమ్మని పిలిచాడు. అమ్మ, నేను, మా ఆవిడ ధనుష్కోటి దాకా రైల్లో పోయి ఓడెక్కాము. అమ్మ పుట్టింది సీతారామపురం అవతల. కడవ నీళ్ళకు మైలు నడిచిన మనిషి. సముద్రాన్ని చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్ళుండి ఏం లాభంరా, ఒక మడి తడిసేదానికి లేదు" అంది.

ఇక్కడ మా ఆవిడ సంగతి ఒకటి చెప్పాలి. ఆమెది దుత్తలూరు పక్క పల్లె. అన్నదమ్ములు లేరు. వాళ్ళ నాయనకు కాలు విరిగితే పన్నెండేళ్ళ పిల్ల బావి దగ్గర, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలడం మొదలుపెట్టి, పెళ్ళయ్యేదాకా తోలింది. మా వైపు ఆడది కపిల మోకు మీద కూర్చుంటే బావిలో ఊట చచ్చిపోతుందని నమ్మకం. అందుకని పెళ్ళిచూపుల్లో జీతగాడు తోలుతున్నాడని చెప్పారు. కాపురానికి వచ్చిన ఏడాదే నాకు నిజం చెప్పింది. అమ్మ చెవిన పడనీయవద్దని నేనే అన్నాను. ఎందుకంటే మా తమ్ముడికి వచ్చిన ఒక సంబంధాన్ని, ఆ పిల్ల కపిల తోలిందని తెలిసి అమ్మ పెళ్ళిచూపుల నాడే తిప్పి పంపింది. తెలిస్తే అమ్మ తననేమన్నా పడగలదు గానీ, అబద్ధమాడి పిల్లను అంటగట్టాడని తన నాయనను అంటుందేమోనని మా ఆవిడ భయం. ఆరేళ్ళు ఆ భయంతోనే కాపురం చేసింది.

కాండీలో ఊరి నడుమ పెద్ద చెరువుంది. అక్కడ పడవలు అద్దెకిచ్చేవారు. తమ్ముడు కొట్టుకు పోయిన ఒక మధ్యాహ్నం మేము ముగ్గురమూ పోయి ఒకటి తీసుకున్నాము. పడవల మనిషి అరవంలో, వెనక్కు తిరిగి కూర్చుని తెడ్లు లాగమన్నాడు. నాకు నవ్వొచ్చింది. పోయే దారికి వీపు పెట్టి కూర్చునే డ్రైవరు ఎక్కడన్నా ఉంటాడా? ఆ మనిషి రెండుసార్లు చూపించాక గానీ నమ్మలేదు.

అమ్మను వెనక పలక మీద, మా ఆవిడను ముందు పలక మీద కూర్చోబెట్టి, నేను నడుమ అమ్మకు ఎదురుగా కూర్చుని లాగాను. నాలుగు లాగుళ్ళకొకసారి మెడ తిప్పి దారి చూస్తాను. మెడ తిప్పినప్పుడల్లా ఒక చెయ్యి సడలుతుంది, పడవ పక్కకు తిరుగుతుంది. దాన్ని సరిచేయబోతే ఇటు తిరుగుతుంది. ఎట్లాగో చెరువు నడిమికి చేరాము గానీ, అక్కడ గానుగెద్దులా తిరగడమే మిగిలింది. ఇంతలో కొండ మీద మబ్బు పట్టింది, గాలి లేచింది. పడవ ఊగడంతో అమ్మ రెండు అంచులూ పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"అబ్బయా, నన్ను గట్టుకు చేర్చరా" అంది. ఆమె గొంతు అంత సన్నంగా పలకడం నేనెప్పుడూ వినలేదు. నా చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. చేర్చడం నాకు చేతకాలేదు.

మా ఆవిడ ఒక్క క్షణం అమ్మ వైపు చూసి, "ఇట్టా ఇయ్యండి" అని తెడ్లు తీసుకుంది. నేను వంగి వంగి పోయి అమ్మ పక్కన కూర్చున్నాను.

కపిల చూడనివాళ్ళకు చెప్పాలి. ఎద్దులు వాలులోకి దిగితే మోకు బిగిసి నీళ్ళ బాన పైకొస్తుంది. తోలేవాళ్ళు ఆ మోకు మీద కూర్చుని బరువు వేస్తారు. నీళ్ళు కాలువలో పడ్డాక ఎద్దులు వెనక్కు నడిచి బావి గట్టుకెక్కాలి. తోలేవాళ్ళూ వాటితో పాటే వెనక్కు నడవాలి. వీపు వెనక నోరు తెరిచిన బావి ఉంటుంది. తిరిగి చూస్తే ఎద్దులు బెదురుతాయి. అందుకని ఎదురుగా దూరాన ఒక గుర్తు పట్టుకుని, దాన్నిబట్టి వెనక ఎన్ని అడుగులున్నాయో లెక్కేసుకుంటారు.

మా ఆవిడ అదే చేసింది. మేము చేరాల్సిన గట్టు ఆమె వీపు వెనక ఉంది, ఎదురుగా అవతలి గట్టున ఒక తెల్ల మేడ ఉంది. దాని మీద చూపు నిలిపి, పెదవులు కదుపుతూ, వెనక్కు వాలి లాగింది. ఒక్కసారి కూడా మెడ తిప్పలేదు. పడవ గీత గీసినట్టు పోయింది. నా పక్కన కూర్చున్న క్లీనర్లు, పెద్ద డ్రైవర్లు ఎందరో ఉన్నారు, ఇంత నిబ్బరం నేను ఎవరిలోనూ చూడలేదు. ఈమె నా భార్య అని గర్వపడ్డాను. పక్కకు చూస్తే అమ్మ కళ్ళు తెరిచి ఉంది. కోడలి చూపునూ, పెదవులనూ చూస్తోంది.

"కపిల తోలినావు కదూ" అంది అమ్మ.

తెడ్లు ఆగాయి. మా ఆవిడ తల వంచుకోలేదు. "తోలినాను అత్తా. నన్నేమన్నా అనండి. మా నాయనను మాత్రం ఏమీ అనబాకండి."

సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"మా నాయనకూ మగబిడ్డలు లేరు" అంది అమ్మ. "నాలుగేళ్ళు తోలినాను. వీళ్ళ నాయనకు ఆ మాట చెప్పకుండానే ఆయన్ను సాగనంపినాను."

నేను ఉండబట్టలేక, "మరి తమ్ముడికొచ్చిన ఆ సంబంధం ఎందుకు తిప్పి పంపినావు?" అన్నాను.

"ఆ పిల్ల అడగకముందే చెప్పేసిందిరా. నాకు లేని ధైర్యం దానికుండాదని ఓర్వలేకపోయినాను."

ఆ మాట అని, అంతసేపూ అంచులు వదలని మనిషి పాకుతూ ముందుకు పోయింది. "జరుగమ్మా, ఆ పక్కది నాకియ్యి" అని కోడలి పక్కన కూర్చుని ఒక తెడ్డు అందుకుంది. ఇద్దరూ ఆ తెల్ల మేడనే చూస్తూ, ఒకేసారి వెనక్కు వాలి లాగారు. గట్టు ఎంత దూరముందో నాకొక్కడికే కనిపిస్తోంది గదా, చెబుదామని నోరు తెరిచాను. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.