నడుము కుంగిన నారింజ కేకు

ఆ రోజుల్లో, రాసుకున్నదంతా వచ్చేసినట్టేనని నాకో గట్టి నమ్మకం ఉండేది. అరవైల్లో హిందూపురంలోని ఒక ఆడపిల్లల బడిలో గృహవిజ్ఞానం చెప్పే తాత్కాలిక పంతులమ్మగా చేరినప్పుడు, కేకు గురించి నా నోటుపుస్తకంలో ఆరు పేజీలుండేవి. కేకు మాత్రం ఒక్కసారీ చేసిన పాపాన పోలేదు. (బొమ్మ బాగా వేశాను.) అలాంటిదాన్ని, తనిఖీకి రాబోయే ఇన్‌స్పెక్ట్రెస్ ఏం చేసి చూపిస్తావని కబురు పెడితే, "నారింజ కేకు, పైన చక్కెర పూతతో" అని రాసి పంపాను. బడిలో వంటగది లేదు కనుక మా ఇంటికే వస్తానంది ఆవిడ. ఆవిడ మెచ్చితే ఉద్యోగం ఖాయమవుతుంది, లేకుంటే ఇంట్లో కూర్చోవడమే.

సమయానికి ధర్మవరం నుంచి మా మేనత్త వచ్చింది. పట్టుచీరలు నేసే మనిషి. కేకంటే ఏమిటో తెలియకపోయినా నేను చదివి వినిపిస్తే చాలు, ఆమె చేతులు పనిలోకి దిగిపోయేవి. బిస్కెట్ డబ్బా రేకుతో ఇటుకంత అచ్చు చేయించింది. కిత్తలిపండ్ల (మా వైపు నారింజకు అదే పేరు) తొక్కను, కింది తెల్లపొర తగలకుండా ఎంత పలచగా తురిమిందో! అది నాకు ఇప్పటికీ చేతకాదు. వెన్నా చక్కెరా గుడ్లూ మైదా కలిపి అచ్చులో పోసి, ఇసుక కాచిన ఇత్తడి గుండిగలో పెట్టి, మూత మీద నిప్పులు పోశాం. పావుగంటకు నారింజ వాసన వీధిలోకి పోయింది. దాని వెంట వీధంతా మా ఇంట్లోకి వచ్చింది.

"ఏమ్మే, ఏం వండుతాండారు?" అంటూ ఒకావిడ మూత ఎత్తి చూసింది. "నేను సూడనే లేదే" అని ఇంకొకావిడ. మూత తీయడం, ముక్కున వేలేసుకోవడం, మళ్ళీ మూయడం, ఇలా ఏడుసార్లు. పంతులమ్మనై ఉండీ వద్దనలేకపోయాను, నాకూ చూడాలనే ఉండింది మరి. తీరా అచ్చు బయటికి తీస్తే, కేకు అంచులు బాగానే లేచాయి కానీ నడుమ గుంత పడింది.

నాకు ఏడుపొచ్చింది. వెంటనే తెలివీ వచ్చింది. "అత్తా, బోర్లించి పూత పోసేద్దాం. అడుగు నున్నగా ఉండాది, ఎవరికీ తెలీదు" అన్నాను.

"సీరలో పోగు తెగితే మేం ముందు ఆ సోటే ఇప్పి సూపిస్తాం మే. కొనేదీ మానేదీ వాళ్ళిష్టం. బోర్లించేదానికి నేను రాను" అంది అత్త. కేకును ఉన్నదున్నట్టే పళ్ళెంలో పెట్టి, చక్కెర పొడిలో నారింజ రసం కలిపిన పూతను తానే పోసింది. అది కూడా వెళ్ళి ఆ గుంతలోనే నిలిచింది.

ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చి కూర్చోగానే, నేను నోరు తెరిచేలోపే అత్త పళ్ళెం ముందు పెట్టి, "అమ్మా, ఇది నడుమ కుంగిపొయ్యిండాది. తినకముందే సెప్తాండా" అంది. నా ఉద్యోగం కూడా ఆ గుంతలో పడిందనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "ఎందుకు కుంగింది?" అని అడిగింది.

"మాటిమాటికీ మూత తీశామండీ, వేడంతా పోయింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు" అని ఉన్నది చెప్పాను. ఆవిడ నడిమి ముక్కే కోయించుకుని, పూతతో సహా తిని, (ఎవరూ చూడటం లేదనుకుని) వేలు నాకి, "పిల్లలకు ముందు ఇదే చెప్పు" అంది. ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు చెప్పాను. కేకు కుంగిన కథ చెప్పి, మా అత్త ఎంత సూటి మనిషో చెప్పి, పిల్లలను నవ్వించేదాన్ని. బోర్లించి దాచేద్దామన్నది నేనేనని మాత్రం ఏ తరగతికీ చెప్పలేదు. అత్త ఉంటే ఇన్నేళ్ళు దాచినందుకు నాలుగు తిట్టేది. ఈ వయసులో ఆ నాలుగు తిట్లు తినాలని ఎంత ఆశగా ఉందో!