సీటు పట్టుకునే ఉద్యోగం

మా టీమ్‌లీడ్ అక్కది గుత్తి. ఫ్రాన్స్ పల్లెల్లో పాత కోటలు చూస్తూ, కాలువగట్ల వెంట సైకిల్ తొక్కాలని టికెట్లు కూడా తీసేసుకుంది. సైకిల్ మాత్రం రాదు. అందుకే రోజూ పొద్దున్నే గచ్చిబౌలిలో, ఆఫీసు వెనక ఖాళీ రోడ్డు మీద నేర్చుకునేది. సీటు పట్టుకుని వెనక పరిగెత్తే ఉద్యోగం నాది.

"వదలాకురా! రేయ్, వదలాకు!"

ఆమెకు పట్టు దొరకలేదు, నాకు పట్టుకోవడం తప్పలేదు. తగ్గిందల్లా నా పొట్టే. ప్రయాణానికి ముందురోజు కూడా, నేను వదలగానే పడింది.

తిరిగొచ్చాక, బావగారు తీసిన ఫొటోలు చూపించింది. అన్నిట్లోనూ కాలువ, చెట్లు, సైకిల్ మీద అక్క.

"కోటలేవక్కా?"

"కోటలు మా గుత్తిలో లేవా? ఇది చూడు. వెనక ఎవడన్నా పట్టుకోనుండాడా?"

ఎవరూ లేరు. సంతోషంగా తలూపాను గానీ, నా చెయ్యి మాత్రం ఆ ఫొటోలో సీటు కోసం వెతుక్కుంది.