లేచేదాకా కదపకూడదు

మా ఇంట్లో నాకు అనుమానపు పక్షి అని పేరు. పెట్టింది మా ఆయన. పుట్టుకతో నేనిలా లేను. గరాజ్‌లో ఉన్న పాత ఫ్రెంచి కారును బాగుచెయ్యడం మొదలుపెట్టాకే ఇలా తయారయ్యాను. ఆ కారు కింద నూనె బొట్టు ఎక్కడ పడితే లీకు అక్కడ ఉండదు. ఎక్కడో వెనక ఒక రబ్బరు గొట్టం చెమరుస్తుంది. ఆ తడి ఇనప పైపు వెంబడి కిక్కురుమనకుండా పాకి, ఏ పాపం ఎరగని ఇంకో గొట్టం కింద బొట్టుగా రాలుతుంది. ఆ గొట్టాన్ని మార్చి, చేతులు కడుక్కుని, కాఫీ తాగి వచ్చేసరికి అదే చోట మళ్ళీ బొట్టు. అలా కొన్నాళ్ళు అయ్యాక కంటికి కనబడేదాన్ని నమ్మడం మానేశాను.

కారును కొండల వైపు ఉండే ఒక రిటైరైన దంపతుల దగ్గర కొన్నాను. దీనికి ఏ లోపమూ లేదని వాళ్ళు ఇద్దరూ ఒకేసారి చెప్పారు. అప్పుడే అనుమానించాల్సింది. ఇంటికి తెచ్చి కింద దూరి చూస్తే సగం గొట్టాలు పాత చెప్పుల అడుగుల్లా పగిలి ఉన్నాయి. కొత్తవి యూరప్ నుంచి పోస్టులో రావాలి. వచ్చినవి ఒక్కోసారి వేరే మోడల్‌వి అయ్యుంటాయి. ఇలాంటి కార్లున్న వాళ్ళందరం ఆన్‌లైన్‌లో ఒకచోట చేరి ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుంటాం, ఒకరి సలహా ఇంకొకరం నమ్మం.

ఈ కారు సంగతి కొంచెం చెప్పాలి. దీనికి మామూలు స్ప్రింగులు ఉండవు. బరువంతా పచ్చటి నూనె మీద, గ్యాస్ నింపిన ఇనప గుండ్ల మీద నిలబడుతుంది. ఆపి వదిలేస్తే రెండు మూడు రోజుల్లో మేత మేసొచ్చిన గేదెలా పొట్ట నేలకు దించుకుని పడుకుంటుంది. తాళం తిప్పి స్టార్ట్ చేస్తే ముందు వెనక భాగం, ఆ తర్వాత ముందు భాగం నిదానంగా లేస్తాయి. బ్రేకులకు బలం కూడా ఆ నూనె నుంచే వస్తుంది. కారు లేచి, డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరకముందు పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. తీగతో పనిచేసే హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే అప్పుడు దిక్కు. అందుకని ఈ కార్లున్న వాళ్ళు స్టార్ట్ చేసి, అది లేచేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. తొందరపడేవాళ్ళకు ఇది పనికిరాదు.

ఆ వసంతంలో మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. మామయ్య పోయాక ఆమె ఇక్కడికి రావడం అదే మొదటిసారి. అమెరికాలో మేముండే క్యారీ అనే ఊళ్ళో కారు లేకపోతే కూరగాయల కొట్టుకు కూడా పోలేం. వారమంతా ఇంట్లో ఒక్కరే ఉండేవారు. శని, ఆదివారాల్లో నేను గరాజ్‌లో కారు కింద దూరగానే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నన్ను గమనించేవారు. అడిగిన పానా చేతికి అందించేవారు. ఏది ఎందుకు విప్పుతున్నానని ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం, నేను స్టార్ట్ చేసి ఊరికే కూర్చుని ఉంటే, ఎందుకు కదలవని అడిగారు.

"లేచేదాకా కదపకూడదు అత్తయ్యా. బ్రేకులుండవు."

"నా మోకాళ్ళలాగే ఉందే దీని వరస," అని ఆమె మళ్ళీ చిక్కుడుకాయలు అందుకున్నారు.

మా ఆయనకు ఈ కారంటే గిట్టదు. అది గరాజ్‌లో ఉండడం వల్ల తన కొత్త కారు ఎండకూ వానకూ బయట ఉంటోందని ఆయన బాధ. ఆ బాధ పాతదే కాబట్టి నేను పట్టించుకోలేదు. కానీ ఒకరోజు టిఫిన్ తింటూ, మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"నీ కార్ టైటిల్ పేపర్ ఎక్కడ పెట్టావ్?"

"ఎందుకు?"

"ఊరికే. ఇన్సూరెన్స్ రెన్యూవల్ వస్తోంది కదా."

టైటిల్ అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం, అమ్మేటప్పుడు కావాలి గానీ ఇన్సూరెన్స్ రెన్యూవల్‌కి ఎవరూ అడగరు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అదే వారం ఆయన వెనక డెక్ మీద తిరుగుతూ, గొంతు తగ్గించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతుంటే వంటింటి కిటికీలోంచి వినబడింది. "రన్ అవుతుంది, ప్రాబ్లెం లేదు. ఇంట్లో నేను మాట్లాడతాలెండి" అంటున్నాడు. నన్ను చూసి వాతావరణం గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. నా కారును నాకు చెప్పకుండా బేరం పెట్టాడని అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది. అడిగితే అబద్ధం చెప్తాడు కాబట్టి అడగలేదు. పట్టుకోవాలనుకున్నాను.

ఆ బుధవారం ఆఫీసు నుంచి వచ్చి గరాజ్‌లోకి తొంగిచూస్తే కారు లేచి నిలబడి ఉంది. ఆదివారం తిప్పి పెట్టిన కారు బుధవారానికి నేల కరుచుకుని ఉండాలి. దానంతట అది లేవదు, ఇంజను తిరిగితేనే లేస్తుంది. అంటే ఎవరో స్టార్ట్ చేశారు. ఈ కారు గురించి తెలియనివాళ్ళకు ఇది తట్టను కూడా తట్టదు. మా ఆయన ఆఫీసు దగ్గరే, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చిపోతాడు. కొనేవాళ్ళను ఆ టైముకు పిలిపిస్తున్నాడన్నమాట.

మర్నాడు ఇంకో సాక్ష్యం దొరికింది. మా ఊళ్ళో ఆ రోజుల్లో పైన్ చెట్ల పుప్పొడి పసుపు గుమ్మరించినట్టు రాలుతుంది. బయట ఆపిన కార్లు, మెట్లు, చెట్లకింద కుక్కలు అన్నీ పచ్చగా ఉంటాయి. తలుపు వేసి ఉన్న గరాజ్‌లో నా కారు అద్దం మీద వేలితో గీస్తే పసుపు అంటింది. అంటే బయటికి కూడా తీస్తున్నారు.

"మధ్యాహ్నం ఎవరైనా వచ్చారా అత్తయ్యా?" అని అడిగాను.

"ఎవరొస్తారమ్మా మనింటికి," అని ఆమె నేను అడగడం పూర్తికాకముందే అనేసి, చారు పొంగుతోందంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు. చారు పొంగడం లేదు. కొడుకును వెనకేసుకొస్తున్నారని అనుకున్నాను. తల్లీకొడుకులు ఒకటయ్యారన్నమాట.

తాళం లాండ్రీ గది గోడకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని దాచేస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలుస్తుంది. అందుకని శుక్రవారం పొద్దున్నే, వాళ్ళు లేవకముందు బానెట్ తెరిచి, పంపు పక్కనున్న చిన్న మరను పానాతో కొంచెం వదులు చేశాను. కారు కింద పనిచేసే ముందు నూనెలో ఒత్తిడి పోవడానికి చేసే పనే ఇది. చూస్తుండగానే కారు కిందికి దిగిపోయింది. ఆ మర వదులుగా ఉన్నంతసేపూ ఇంజను తిరిగినా కారు లేవదు, నూనె గుండ్రంగా తిరిగి డబ్బాలోకే వచ్చేస్తుంది. ఒక చుక్క కూడా బయటికి కారదు. కొనడానికి వచ్చినవాడి ముందు నడుములు పడిపోయిన కారును చూపించి మా ఆయన నీళ్ళు నములుతాడని ఊహించుకుంటూ, ఆ సంబరంలో ఆఫీసుకు పోయాను. బ్రేకుల సంగతి నాకు గుర్తు రాలేదు. లేవని కారును ఎవరు కదుపుతారులే అనుకున్నాను.

మీటింగ్‌లోంచి బయటికొచ్చి ఫోన్ చూసుకునేసరికి ఎదురింటమ్మాయి మెసేజ్ వచ్చి చాలాసేపయింది. ఆ అమ్మాయిది వరంగల్, ఇంట్లోంచే పనిచేస్తుంది. "అక్కా, ఆంటీ ఇయ్యాల గూడ నీ పాత కార్ తీస్తున్నట్టున్నరు. గరాజ్ డోర్ లేపిన్రు. నిన్న రివర్స్ మస్తు చేసిన్రు. నువ్వే నేర్పిస్తున్నవా? నాకు వరుసగా మీటింగ్‌లున్నయ్, సాయంత్రం కలుద్దాం."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా డ్రైవ్‌వే గరాజ్ నుంచి రోడ్డుకు వాలుగా దిగుతుంది. రోడ్డుకు అవతల ఎదురింటివాళ్ళ లాన్, అందులో వాళ్ళ పసివాడి ఆటసామాన్లు. బ్రేకుల్లేని కారును ఆమె వెనక్కి తీస్తే హ్యాండ్‌బ్రేక్ తప్ప మధ్యలో ఆపేది ఏదీ లేదు, దాని సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. అత్తయ్యకు ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. ఎదురింటమ్మాయి ఎత్తలేదు. మా ఆయన ఫోను వాయిస్‌మెయిల్‌కు పోయింది, దాన్ని అనుమానించే తీరిక కూడా అప్పుడు లేదు. ఇంటికి ఎలా డ్రైవ్ చేశానో నాకు తెలియదు. ప్రతి రెడ్ లైట్ దగ్గరా కాలు నాకు తెలియకుండానే బ్రేకును అవసరానికి మించి తొక్కేది.

మా వీధి మలుపు తిరగగానే గరాజ్ తలుపు తెరిచి ఉండడం కనబడింది. కారు లోపలే ఉంది. నేలకు ఆనుకుని ఉంది. డ్రైవర్ సీట్లో అత్తయ్య, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఇంజను ఆపేసి ఉంది. కాటన్ చీర కొంగు నడుముకు బిగించి దోపుకున్నారు. నన్ను చూసి కంగారుపడలేదు, దిగనూ లేదు.

"లేవలేదమ్మాయ్," అన్నారు. "చాలాసేపు చూశాను. ఎర్ర లైటు ఆరలేదు. లేచేదాకా కదపకూడదన్నావుగా."

నేను ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది.

"నాకు చెప్పొచ్చు కదా అత్తయ్యా."

"చెప్తే నువ్వు మా వాడికి చెప్తావు. వాడు వద్దంటాడు. మొగుడూ పెళ్ళాలు ఒకటే మాట కదా." నేను వాళ్ళిద్దరినీ అనుమానిస్తుంటే ఆమె మా ఇద్దరినీ అనుమానిస్తున్నారు. "మీ మామయ్య పెళ్ళైన కొత్తలో మా ఇంటి ముందు ఖాళీ స్థలంలో నాకు కారు నేర్పారు. మొదటి గేరు, రివర్సు. అంతవరకే. తర్వాత నేర్పుతాలే, తర్వాత నేర్పుతాలే అంటూనే ఉన్నారు. మీ కొత్త కార్లకు క్లచ్చూ లేదు, తాళమూ లేదు, వాటితో నాకు పనిలేదు. ఇదొక్కటే నాకు తెలిసిన కారులాగా ఉంది."

"ఇన్నాళ్ళూ ఊరుకుని ఈ వారమే ఎందుకు?"

"వాడు ఫోన్లో అంటుంటే విన్నాను, ఈ కారు పంపించేస్తున్నాం అని. అది పోతుంది, తర్వాత నేనూ వెళ్ళిపోతాను. ఇంకెప్పుడు?"

ఆ ఫోను సంగతి తర్వాత మా ఆయన్ని నిలదీశాను. అమ్మడం కాదని, కార్లు అద్దెకు పెట్టుకునే స్టోరేజ్‌లో కొన్నాళ్ళు ఉంచుదామని అక్కడివాళ్ళతో మాట్లాడానని, వాళ్ళే టైటిల్ అడిగారని చెప్పాడు. నేనిప్పటికీ పూర్తిగా నమ్మలేదు. కారు మాత్రం గరాజ్‌లోనే ఉంది.

ఆ రోజు నేను కుర్చీలోంచి లేచి బానెట్ తెరిచాను. అత్తయ్య దిగి నా పక్కకు వచ్చి నిలబడ్డారు. మరను బిగిస్తుంటే వంగి చూశారు.

"దాన్ని ఎవరు వదులు చేశారు?"

"నేనే."

"నన్ను పట్టుకోడానికా?"

"మీ అబ్బాయిని."

"వాడినా? వాడికి క్లచ్ తొక్కడం కూడా రాదు కదమ్మా. అమెరికా వచ్చాకే కదా కారు ముట్టుకుంది," అన్నారు.

పెళ్ళైనప్పటి నుంచీ నాకు తెలిసిన సంగతే అది. ఈ కారును గరాజ్ దాటించడం మా ఆయనకు చేతకాదు. కొనేవాడు వచ్చి తీశాడని, బయట తిప్పి మళ్ళీ బుద్ధిగా లోపల పెట్టి, తలుపు వేసి, తాళం మేకుకు తగిలించి వెళ్ళాడని నేను నమ్మాను. తడి కనబడిన చోటే గొట్టం మార్చే బుద్ధి నాకు ఇంకా పోలేదు.

చేతులు తుడుచుకుని పక్క సీట్లో కూర్చున్నాను. అత్తయ్య మళ్ళీ డ్రైవర్ సీట్లోకి వెళ్ళి, చెప్పులు విప్పి కింద ఒక పక్కకు పెట్టి, తాళం తిప్పారు. ఇంజను అందుకుంది. ఇద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. వెనక భాగం లేచింది, ముందు భాగం లేచింది. ఎర్ర లైటు ఆరింది. ఆమె రివర్సు వేసి, అద్దంలో చూసుకుని, కారును అంగుళం అంగుళంగా పసుపు పరిచినట్టున్న డ్రైవ్‌వే మీదికి దించడం మొదలుపెట్టారు. కొత్తవాళ్ళు తొక్కితే ఈ బ్రేకులు కుదుపుతో పట్టేస్తాయి. ఆమె పాదం మాత్రం నిండు బిందె దించినట్టు మెల్లగా వాలింది. వాలు మధ్యలో కారు చప్పుడు లేకుండా ఆగింది, మళ్ళీ కదిలింది.

అప్పటికి నా చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదికి ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు. ఆమె చూశారు. అద్దంలోంచి కళ్ళు తిప్పకుండానే అన్నారు.

"చెయ్యి తియ్యమ్మాయ్."

తీశాను.