బోర్డు చదివేలోపల బస్సు

బెళుగుప్ప మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో నేను రెండో తరగతికి చెబుతాను. ఇల్లు రాయదుర్గంలో. నా కూతురిదీ అదే బడి కాబట్టి సాయంత్రం ఇద్దరం కలిసే బస్సు కోసం నిలబడతాం. దూరంగా బస్సు కనబడగానే బోర్డు చదివి చెప్పడం దాని పని. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు అదే అడిగి తీసుకుంది.

అప్పటికి దానికి ఆరేళ్లు. ఒకరోజు నేను సంచిలో పరీక్ష పేపర్లు సర్దుకుంటున్నాను.

"రాయదుర్గం వస్తాండాదిమా" అంది.

తలెత్తకుండానే చెయ్యి ఎత్తాను. ఎక్కి కూర్చున్నాక కండక్టర్ వచ్చాడు.

"రాయదుర్గం, ఒకటిన్నర" అన్నాను.

"ఇది కళ్యాణదుర్గం పోతాదమ్మా. బోర్డు చూడ్లేదా?"

తర్వాతి ఊళ్లో దిగి, వేరుశనగ చేల పక్కన వెనక్కి నడిచాం. ఎండ ఇంకా తగ్గలేదు.

"టీచర్ కూతురివి, ఒక బోర్డు చదవలేవా?" అన్నాను కోపంగా.

అది నెమ్మదిగా చెప్పింది. "ఒక్కొక్క అక్షరం చూస్తానుమా. ఇంకోటి చూసేసరికి ముందుది పోతాది. అన్నీ అయ్యేలోపల బస్సు వచ్చేస్తాది. అందుకే ఆఖర్లో ఉండేది చూస్తా. దుర్గం ఉంటే మనదే అనుకున్యా."

"ముందుది యాడికి పోతాది?"

"తెలీదు. తలకాయలో ఉండదు."

నా కోపం అక్కడే ఆగిపోయింది. నా తరగతిలో డిక్టేషన్ గుర్తొచ్చింది. ఒక వాక్యం చెప్పి, వాళ్లు రాస్తుండగానే రెండోది అందుకునేదాన్ని. సగంలో ఆగినవాళ్లకు ధ్యాస లేదని మందలించేదాన్ని. వాళ్లకూ ముందుది జారిపోతూ ఉండేదేమో.

మర్నాడు వాక్యాన్ని చిన్నది చేసి, రెండుసార్లు చెప్పి, పెన్సిళ్లన్నీ ఆగేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎప్పుడూ సగం వాక్యాలే రాసే ఒక అమ్మాయి ఆ రోజు చివరి చుక్క దాకా రాసి, పలక మీద కూడా ఇంకోసారి రాసి చూపించింది. సిలబస్ మాత్రం వెనకబడింది.

"ఏం మేడమ్, ఇంకా మూడో పాఠంలోనే ఉండారా?" అన్నారు హెడ్మాస్టరు.

"ఉండాను సార్" అన్నాను.

బోర్డు పని నా కూతురి దగ్గర్నుంచి తీసుకోలేదు. బస్సు బాగా దగ్గరికొస్తే నేనూ ఒకసారి చూసుకునేదాన్ని, అంతే. ఏడేళ్లకు రెండు మూడు అక్షరాలు కలిపి అనేది. ఎనిమిదికి పేరంతా ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టింది. నేను ప్రత్యేకంగా నేర్పిందేమీ లేదు. గౌన్లు పొట్టివైనట్టే అదీ జరిగింది.

ఇప్పుడు ఐదో తరగతి. పోయిన వారం రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిదానికి నేను చెయ్యెత్తబోతే పట్టుకుని దించింది.

"అది కళ్యాణదుర్గం. వెనకాల వచ్చేది మనది."

నాకింకా మొదటి అక్షరమే తెలియలేదు.

బస్సులో సీటు దొరికింది. వాళ్ల తరగతిలో జరిగిన గొడవ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరి రబ్బరు తీసుకున్నారో, ఎవరు ఎవరి మీద చెప్పారో, తొమ్మిది మంది పిల్లలు ఉన్నారు అందులో. సగంలోనే నాకు పేర్లన్నీ కలిసిపోయాయి.

"ఆ రబ్బరు ఎవరిది?" అని అడిగాను.

కాసేపు నా మొహం చూసి, "సరే, మొదట్నుంచి చెప్తా, విను" అంది, ఈసారి కొంచెం మెల్లగా.