అద్దం చూసుకోని నాలుగు రోజులు

నిచ్చెన మీంచి పడ్డాడు కాబట్టి అతనికి నిచ్చెన అని పేరు పెట్టారు. పెట్టింది పగవాళ్ళేం కాదు, టెన్నిస్ కోర్టులో పక్కనే చక్రాల కుర్చీల్లో కూర్చునే స్నేహితులు. వాళ్ళ వేళాకోళం అలాగే ఉంటుంది. నడిచేవాళ్ళు వింటే నవ్వాలో వద్దో తెలియక చెప్పులు చూసుకుంటారు.

పడకముందు గోడలకి రంగులు వేసేవాడు. ఇరవై మూడేళ్ళప్పుడు, రెండో అంతస్తు కిటికీ పక్కన అందని మూల కోసం బ్రష్షు ఇంకాస్త చాచాడు. అంతే. నడుం కింద నుంచి కబురు రావడం ఆగిపోయింది. తర్వాత పదహారేళ్ళలో దేశానికి తొమ్మిదిసార్లు ఛాంపియన్ అయ్యాడు. చక్రాల కుర్చీ టెన్నిస్‌లో బంతి రెండుసార్లు నేలకి తగిలాక కూడా కొట్టొచ్చు, మిగతాదంతా అందరి ఆటే. కాకపోతే రాకెట్ పట్టుకున్న చేత్తోనే చక్రం తొయ్యాలి. అతని అరచెయ్యి పట్టుకుంటే చెప్పు అడుగు పట్టుకున్నట్టుంటుంది.

గెలిచిన ప్రతిసారీ పేపరువాళ్ళు అడిగేవారు, ‘మీకు ఎవరంటే భయం?’ అని. ఏదో ఒక ఆటగాడి పేరు చెప్పి పంపించేవాడు. నిజం చెబితే అచ్చెయ్యరు. అతనికి భయం తన పిర్రలంటే.

నవ్వొస్తే నవ్వుకోండి. మనం సినిమా చూస్తూ కుర్చీలో యాభైసార్లు కదులుతాం. చర్మం అడుగుతుంది, కదులుతాం, అడిగినట్టు కూడా మనకి తెలీదు. అతని చర్మం అడగదు. ఎముకకీ కుర్చీకీ మధ్య నలిగి, నల్లబడి, చచ్చి, ఊడిపోతుంది. అతను మాత్రం పైన హాయిగా కాఫీ తాగుతూ ఉంటాడు.

అతనికి ఆట నేర్పిన మాస్టారు అలాగే పోయాడు. పేద్ద ఛాంపియన్, ఉక్కులాంటి భుజాలు. ఒక బస్సు ప్రయాణంలో పన్నెండు గంటలు ఒకే తీరుగా కూర్చున్నాడు. పుండు పడింది, ఎముక దాకా దిగింది, పదకొండు వారాల్లో మనిషి లేడు. చివరి రోజుల్లో నిచ్చెన, వాళ్ళక్క కలిసి చూడ్డానికి వెళ్ళారు. ఆ గదిలో కిటికీలన్నీ తీసే ఉన్నాయి. అయినా వాసన ఆగలేదు.

అప్పట్నుంచీ ఒకటే పద్ధతి. ప్రతి సాయంత్రం మంచం మీద పక్కకి తిరిగి పడుకుని, పొడుగు పిడి ఉన్న అద్దంతో వెనక చూసుకోవడం. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కాలి. తెల్లబడితే బతికున్నట్టు. తెల్లబడకపోతే కుర్చీ ఎక్కకూడదు. తొమ్మిదేళ్ళలో ఒక్క సాయంత్రం మానలేదు.

ముప్ఫై తొమ్మిదో ఏట సర్వీసు పాడైంది. బంతి పోయి పోయి నెట్‌కే కొట్టుకుంటోంది. భుజం అరిగింది, చెయ్యి లేవట్లేదు. చెయ్యి లేవకపోతే మనిషి లేవాలి కదా అని ఆలోచించి, కుర్చీలో కూర్చునే దిండు కింద తువాలు మడతపెట్టి ఇరికించాడు. రెండంగుళాలు ఎత్తయ్యాడు. బంతి నెట్ దాటింది. ఆ పోటీలో నాలుగు రోజులు నాలుగు ఆటలు ఆడి ఫైనల్‌కి వచ్చేశాడు.

కుర్చీలో మడత ఉండకూడదని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేది తనే. చొక్కా అంచు కింద పడ్డా తిట్టేవాడు. అందుకే ఆ నాలుగు సాయంత్రాలూ అద్దం తియ్యలేదు. చూస్తే తువాలు తియ్యాలి. తువాలు తీస్తే సర్వీసు పోతుంది. ఎక్కడికి వెళ్ళినా వెంట వచ్చే అక్క అడిగితే, ‘చూసుకున్నాలే’ అన్నాడు.

ఫైనల్ రోజు పొద్దున బట్టలు మార్చుకునే గదిలో మోకాళ్ళకి పట్టీలు బిగిస్తూ అక్క ఆగిపోయింది.

“ఒరేయ్, నిక్కరుకి ఇదేంటి?”

“నీళ్ళేమో.”

“నీళ్ళకి ఈ రంగుంటుందా? ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నదాన్ని, మరకల గురించి నాకు చెప్పకు. తిరుగు.”

“టైమైందే అక్కా.”

“తిరుగుతావా, బయట ఉన్నవాళ్ళందర్నీ పిలవనా?”

బల్ల మీదికి జారి బోర్లా పడుకున్నాడు. అక్క నిక్కరు పక్కకి లాగి చూసింది.

“ఎర్రగా ఉందా? నొక్కి చూడు. తెల్లబడుతోందా?”

“నొక్కడానికి చర్మం ఉంటే కదరా.”

ఎలాగూ చీలింది కదా, ఇంకో రెండు గంటలకి కొత్తగా ఏమవుతుంది అనుకున్నాడు. పదో కప్పు. ఈ భుజంతో వచ్చే ఏడు ఎలాగూ లేదు. అక్క చెయ్యి విదిలించుకుని కుర్చీ ఎక్కి కోర్టులోకి తోసుకుపోయాడు. ఆమె అరవలేదు. గుమ్మంలోనే కూలబడింది.

ఎదుటివాడు పాతికేళ్ళ కుర్రాడు, అందరూ చిచ్చు అంటారు. నెట్ దగ్గరికి వచ్చి పళ్ళికిలించాడు.

“ఏంటన్నా, మొహం సున్నం కొట్టినట్టుంది? నేనంటే అంత భయమా?”

“నిన్ను చూస్తే దోమలు కూడా భయపడవురా.”

నాలుగు బంతులు కొట్టుకున్నారు. చక్రం తోసిన ప్రతిసారీ కింద ఏదో రాసుకుంటోందని అతనికి తెలుసు. తెలుసు అంతే, ఒంటికి ఏమీ తెలియట్లేదు. ఒక్క మంట, ఒక్క పోటు, సూది గుచ్చినంత నొప్పి వచ్చినా ఎంత ఉందో లెక్క దొరికేది. ఏమీ లేదు. మాస్టారుకి కూడా ఏమీ లేదు. చివరి రోజు దాకా, ‘నాకేం నొప్పిలేదురా’ అంటూనే ఉన్నాడు.

చేతిలో బంతి చెమటకి జారిపోయింది. ఏరుకోలేదు. అంపైర్ దగ్గరికి తోసుకెళ్ళాడు.

“నేను ఆడను.”

“కారణం రాయాలండీ. భుజమా?”

భుజం అంటే అయిపోయేది.

“పుండు. కూర్చునే చోట. నాలుగు రోజులుగా చూసుకోలేదు.”

వెనకే వచ్చిన చిచ్చు అది విన్నాడు. మొహంలో నవ్వు ఎటు పోయిందో పోయింది. రెండు చేతులూ చక్రాల మీద ఆనించి, కుర్చీలోంచి ఒళ్ళు గాల్లోకి లేపి, కింద బరువు పడకుండా అలాగే ఉండిపోయాడు. కప్పు ఇస్తాం రమ్మని పిలిచినా చాలాసేపు దిగలేదు.

ఆసుపత్రిలో డాక్టరు, కండ దాకా దిగిందన్నాడు. ఎముకకి పట్టిందా అంటే, “ఇప్పుడే చెప్పలేం, బోర్లా పడుకోండి” అన్నాడు. అక్క కుట్టుమిషను తెచ్చి ఆ గది మూలనే పెట్టుకుంది.

కట్టు మార్చేది ఒక పెద్ద వయసు నర్సమ్మ. ఆమె కట్టు విప్పుతుంటే అతను దిండు కొరుకుతాడు, నొప్పికి కాదు. ఆమె ముక్కు ఎగబీలుస్తుందేమో, ఊపిరి బిగబడుతుందేమో అని చెవులు రిక్కించి వింటాడు. బాగానే ఉందంటే నమ్మడు. అందుకని ఆమె ప్రతి శుక్రవారం పుండు కొలిచి, సరిగ్గా అంతే గుండ్రం అతని ముంజేతి మీద ఒకే చోట, అంత తొందరగా చెరగని పెన్నుతో గీస్తుంది. నాలుగు వారాలు గీసింది. నాలుగూ ఒకటే సైజు. నాలుగోదాన్ని అతను రాత్రంతా తడుముతూనే ఉన్నాడు.

అయిదో శుక్రవారం ఆమె కొలిచిందే మళ్ళీ కొలిచింది. కుట్టుమిషను కూడా ఆగింది.

“నర్సమ్మా, ఏదో ఒకటి అనండి.”

“చెయ్యి ఇలా ఇవ్వు, కదపకు.”

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పెన్ను చల్లగా ఒక చుట్టు తిరిగి ఆగింది. తెరిచి చూస్తే పోయిన వారం గుండ్రం ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. కొత్తది దాని లోపల పడింది.