రెండుసార్లు తూచిన చేపలు

మా తూకాలక్క ఇరవై రెండేళ్ళుగా సముద్రజీవుల పార్కులో చేపలు కోస్తోంది, తూస్తోంది. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. నేను గేటు దగ్గర టికెట్లు ఇస్తాను. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు, నిజమే. అక్క మాత్రం గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు, విచారణ జరిగిన ఆ రోజు వరకూ.

మేత గది ప్రేక్షకుల గ్యాలరీ కిందే ఉంటుంది. పైన జనం చప్పట్లు కొడితే కింద స్టీలు బల్ల అదురుతుంది. పొద్దున్నే గడ్డకట్టిన చేపలను కరగబెట్టాలి, కళ్ళూ మొప్పలూ చూసి చెడినవి ఏరేయాలి, ఒక్కో జంతువు బకెట్లో దాని వంతు తూచి పెట్టాలి. ఒక్క చేప వృథాగా పోయినా అక్క ప్రాణం విలవిల్లాడేది. ఇంట్లోనూ అదే వరస. మిగిలిన కూర ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మారుతుందే తప్ప బయటికి పోదు. "ఇవాళ వండింది ఇవాళే తిన్న గుర్తు నాకు లేదమ్మా," అని బావ వేళాకోళం చేసేవాడు. బావ అంటే అక్క మొగుడు. పార్కు పంపుహౌస్‌లోనే పని.

ఆ పొదుపే చివరికి కొంప ముంచింది.

పార్కులో రెండు డాల్ఫిన్లు ఉండేవి. మేం వాటిని పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అనేవాళ్ళం. ఒక్కోదానికి పొద్దున నాలుగు కిలోలు, సాయంత్రం నాలుగు కిలోలు. మేత కాగితంలో ‘ఇచ్చింది’ అని ఒకటే గడి ఉంటుంది. ఎంత మిగిలిందో రాయడానికి చోటు లేదు. పెద్దమ్మాయి తిండి తగ్గించాక పొద్దుటి బకెట్లో మూడు కిలోలు వెనక్కి వచ్చేవి. పారేయడానికి అక్కకి చేతులు రాలేదు. వాటిని కడిగి, ఐసులో పెట్టి, సాయంత్రం ఇంకో కిలో కలిపి, మళ్ళీ తూచి నాలుగు అని రాసేది. బకెట్లో ఉన్నవి నాలుగు కిలోలే కాబట్టి అది అబద్ధమని ఆవిడకి తట్టలేదు. కానీ అవే చేపలు రోజుకి రెండుసార్లు తూకానికి ఎక్కుతున్నాయి.

ప్రతి మంగళవారం వచ్చే డాక్టరు కాగితం చూసి, "రోజుకి ఎనిమిది కిలోలు లాగిస్తుంటే దీనికేం రోగం?" అని వెళ్ళిపోయేవాడు. మేత గదివాళ్ళు డాక్టరుతో నేరుగా మాట్లాడే పద్ధతి మా దగ్గర లేదు. ఏదున్నా మేనేజరుతో చెప్పుకోవాలి. అక్క రెండుసార్లు చెప్పింది. "నేను చూసుకుంటాలేమ్మా," అన్నాడాయన, చాలా మర్యాదగా. ఆరో వారంలో పెద్దమ్మాయి చచ్చిపోయి నీళ్ళమీద పక్కకి తేలింది.

ఇలాంటి పార్కులో జంతువు చనిపోతే రికార్డులన్నీ జనం ముందు చదివి వినిపించాలని, ఎవరైనా ప్రశ్న అడగొచ్చని ఒక రూలుందిట. జంతువుల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి గేటుకి నోటీసు అంటించేదాకా మాకెవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నమే అక్క నా కౌంటరు వెనక స్టూలు మీద కూలబడింది.

"చిన్నది కూడా మూడు రోజులుగా మేత వదిలేస్తోందే," అంది.

"మేనేజరుకి చెప్పావా?"

"చెప్పా. విచారణ అయ్యేదాకా కొత్తగా ఏదీ బయటికి రాకూడదన్నాడు. ఇప్పుడు డాక్టర్ని పిలిస్తే అనుమానపడతారుట."

"అయ్యాక పిలుస్తాడా?"

"ఇన్‌స్పెక్టరు మేతలో లోపం లేదని రాసి వెళ్ళిపోయాక ఇంకెందుకు పిలుస్తాడు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ నా దగ్గర ఏముంది, టికెట్ల కట్ట తప్ప? తెలిసిన మనిషి ఆవిడే, చెప్పాల్సిందీ ఆవిడే.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పంపుహౌస్ వెనక పార్కువాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టరు అది. పంపులు తిరిగినంతసేపూ గోడలు సన్నగా వణుకుతూనే ఉంటాయి. బావ అన్నం తింటున్నాడు.

"రెండేళ్ళలో రిటైరైపోతాను. అందాకా నోరు మెదపకు. ఈ ఇల్లు వాళ్ళది," అన్నాడు.

"అది చచ్చిపోతుందయ్యా."

"కాగితం మీద సంతకం ఎవరిది? నీది. మేనేజరు చేతులు దులుపుకుంటాడు, వాళ్ళు నిన్నే పట్టుకుంటారు."

"పట్టుకోవాల్సింది నన్నేగా," అంది అక్క. గొంతులో కోపం లేదు.

బావ కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. మజ్జిగ పోయబోయిన అక్క చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నేను లేచి వచ్చేశాను.

మర్నాడు పదకొండింటికి గ్యాలరీలోనే విచారణ పెట్టారు. రోజూ చప్పట్లు కొట్టే బెంచీల మీద జనం బిగుసుకుని కూర్చున్నారు. చేపల వాసన పడక ఇన్‌స్పెక్టరు రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కో కాగితమే పైకి చదువుతూ పోయాడు. తేదీ, ఎనిమిది కిలోలు. తేదీ, ఎనిమిది కిలోలు. వరసగా నలభై రోజులు. ఎదురుగా కొలనులో చిన్నమ్మాయి ఒక మూల కదలకుండా ఉంది. దానివైపు ఎవరూ చూడటం లేదు.

"మేత విషయంలో లోపమేమీ కనబడటం లేదు," అని ఇన్‌స్పెక్టరు పెన్ను తీశాడు. "ఎవరైనా ఏమైనా అడుగుతారా?"

అక్క నా పక్కనే ఉంది. రబ్బరు బూట్లు కూడా విప్పలేదు. చేతులు ఒళ్ళో బిగించుకుంది, పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. ఇన్‌స్పెక్టరు రాయడం మొదలుపెట్టాడు. నాకు ఓపిక నశించి మోచేత్తో ఒక్క పోటు పొడిచాను. ఆవిడ లేచి నిలబడింది.

"అది ఎనిమిది కిలోలు తినలేదండీ."

మేనేజరు చప్పున లేచాడు. "పెద్దది పోయినప్పట్నుంచీ ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు సార్. ఏదో బెంగతో..."

"నా ఒంటికేం కాలేదు. బాగోలేనిది చిన్నమ్మాయికి," అంది అక్క. ఆ గొంతు చివరి బెంచీ దాకా వినబడింది. "పొద్దున ఏడింటికి దానికి నాలుగు కిలోలు పంపాను. తినకుండా వెనక్కి వచ్చిన ఆ పసుపు బకెట్ తెప్పించి మీరే తూయండి."

త్రాసు తెచ్చి ట్రైనర్లు నిలబడే వేదిక మీద పెట్టారు. ఇన్‌స్పెక్టరు బకెట్ ఎత్తబోతే అక్క ఆపింది. ముందు అలాంటిదే ఖాళీ బకెట్ పెట్టి, ముల్లుని సున్నా దగ్గరికి సరిచేసింది. ఆ తొందరలోనూ తూకం తప్పకూడదు మరి! తర్వాత పసుపు బకెట్ పెట్టింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. మూడు కిలోల ఎనిమిది వందలు.

విచారణకని పిలిపిస్తే వచ్చి చివర కూర్చున్న డాక్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎవరూ చెప్పకుండానే లేచి గబగబా కొలను దగ్గరికి దిగాడు.

"మరి కాగితంలో అలా ఎందుకుంది?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

అక్క చెప్పింది. కడగడం, ఐసులో పెట్టడం, సాయంత్రం కలపడం, మళ్ళీ తూయడం, ఏదీ దాచలేదు.

"అలా కలపమని మీకెవరు చెప్పారు?"

మేనేజరు నేల చూపులు చూస్తున్నాడు. ఒక్క మాటతో అంతా ఆయన నెత్తిన రుద్దేయొచ్చు. నేనైతే రుద్దేదాన్ని.

"ఎవరూ చెప్పలేదు. పారేయడానికి మనసొప్పక నేనే కలిపాను. తినడం లేదని మేనేజరు గారికి చెప్పాను, ఆయన కదల్లేదు. ఆయన మాట ఆయన్ని అడగండి. ఇది మాత్రం నా పేరు మీదే రాసుకోండి."

ఇన్‌స్పెక్టరు రుమాలు జేబులో పెట్టేసుకుని ఒక పేజీ నిండా రాశాడు. చివరికి తలెత్తి, "ఇంకెవరైనా చెప్పేది ఉందా?" అన్నాడు.

వెనక తలుపు దగ్గర బావ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు.

"నీళ్ళ సంగతి నేను చెప్తాను," అని అరిచాడు. "మూడు నెలలుగా శుభ్రం చేసే పంపు పగలు మాత్రమే నడపమన్నారు. ఎవరన్నారో, ఏ రోజన్నారో నాకు గుర్తుంది."

"మెల్లగా చెప్పు, ఇది పంపుహౌస్ కాదు," అంది అక్క. కళ్ళు మాత్రం ఆయన మీద నుంచి తిప్పుకోలేదు.

బావ తేదీలు చెబుతుండగానే డాక్టరు మెట్లెక్కి వచ్చాడు. చొక్కా భుజాల దాకా తడిసింది. గ్యాలరీ మొత్తం అతని మొహం వంకే చూస్తోంది.

"షోలు ఆపేయాలి, ఇవాళే మందులు మొదలుపెట్టాలి. బతుకుతుంది," అని అక్క వైపు తిరిగాడు. పాపం, ఆవిడకి ధైర్యం చెబుదామనే అనుకున్నాడు. "మొదటి వారంలోనే తెలిసింది కదమ్మా, అదే మంచిదైంది. మొదటి వారంలో పట్టుకుంటే ఈ రోగం నయమైపోతుంది."

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అక్క మాత్రం ఉన్నచోటే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, పెద్దమ్మాయి కోసం ఏడ్చింది. బావ చెబుతున్న తేదీ మధ్యలో వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. నీ తప్పేం లేదని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.