అమ్మమ్మ టైపు కొట్టులో లినక్స్

కంప్యూటర్ నెల రోజులుగా అడుగుతూనే ఉంది, కొత్త మార్పులు ఎక్కించుకోనా అని. గుమ్మంలోకి వచ్చిన చీపుర్ల వాణ్ణి పంపేసినట్టు అమ్మమ్మ రోజూ "తర్వాత" నొక్కి దాన్ని పంపేస్తూ వచ్చింది. ఆ మధ్యాహ్నం నాలుగింటికి అది అడగడం మానేసింది. తనే మొదలెట్టేసి, "నన్ను ఆపవద్దు" అని తెర మీద రాసుకుంది.

ఎదురుగా బేకరీ ఆవిడ కూర్చుని ఉంది. ఐదులోగా నగరపాలక కార్యాలయంలో నోటీసుకు జవాబు ఇవ్వకపోతే రేపు పొద్దున ఆవిడ బేకరీకి సీలు వేస్తారు. మూడు పేజీల జవాబు సిద్ధం. ప్రింటు తీయడమే తరువాయి.

పది నిమిషాలైనా తెర మీద ముప్పై శాతం కదల్లేదు. అమ్మమ్మకు ఓపిక ఉందని ఇంట్లో ఎవరూ నింద వేయలేదు. ప్లగ్గు పీకేసింది. మళ్లీ పెడితే నల్లటి తెర.

"ఏమైందమ్మా?" బేకరీ ఆవిడ లేచి నిలబడింది.

"నిద్ర లేస్తోంది, కూర్చో," అని బొంకి, అమ్మమ్మ చిన్నల్లుడికి ఫోన్ చేసింది. పక్క వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన, అన్నం దగ్గర కూడా కంప్యూటర్ని నడిపే ఉచిత సిస్టమ్ లినక్స్ గొప్పలే చెబుతాడు. ఊరికే ఇచ్చేదానికి పూచీ ఎవరని అమ్మమ్మ ఎప్పుడూ నోరు మూయించేది.

ఆయన పెన్‌డ్రైవ్‌తో పరుగున వచ్చాడు. "ప్లగ్గు పీకారా అత్తయ్యా?"

"దానంతటదే ఊడింది."

"మరి వైరు మీ చేతిలో ఉందేం?"

ఆవిడ వైరు వదిలేసింది. ఆయన పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తోనే మిషను లేపాడు. పేరా పేరాకీ సేవ్ చేసే అలవాటు పుణ్యమా అని జవాబు చెక్కుచెదరలేదు.

"ఉత్తరం మీది, సిస్టమ్ కంపెనీది అత్తయ్యా. దానికి బుద్ధి పుట్టినప్పుడు పడుకుంటుంది. ఇది మీరు చెప్పందే కదలదు."

"ఉపన్యాసం ఆపి తెరవండి."

తెరిస్తే మూడు పేజీలు నాలుగయ్యాయి. అమ్మమ్మ వాడే ఫాంటు కంపెనీ సొత్తు, లినక్స్‌లో లేదు. వేరే ఫాంటు వచ్చి కూర్చుంటే లైన్లు సాగాయి. నాలుగో పేజీలో సంతకం చోటు ఒక్కటే మిగిలింది.

"ఇదా మీ వైభోగం?"

"ఇలాగే ఇచ్చేయండమ్మా, దండం పెడతాను," అంది బేకరీ ఆవిడ. నాలుగూ నలభై. కార్యాలయం పది నిమిషాల నడక.

"ఉత్త సంతకం ఉన్న కాగితాన్ని ఏ ఉత్తరానికైనా తగిలించొచ్చు పిల్లా! నలభై ఏళ్లలో అలాంటిది నా కొట్టు దాటలేదు."

చిన్నల్లుడు ఆ ఫాంటుకు సాటి వచ్చేది ఎక్కడుందోనని వెతకసాగాడు. ఒకటి పెడితే లైన్లు ఇంకా సాగాయి. ఇంకోటి పెడితే ఒత్తులు ఊడాయి. నాలుగూ నలభై ఐదు.

"లేవండి అల్లుడుగారూ!" అమ్మమ్మ ఆయన్ని కుర్చీలోంచి లేపేసి మొదటి ఫాంటు మళ్లీ పెట్టించింది. చివరి పేరా ముందు ఎంటర్ మీద నాలుగు దెబ్బలు వేసింది. పేరా మొత్తం దిగి సంతకం చోటుకు తోడొచ్చింది.

ప్రింటర్ లినక్స్ మాట వింటుందో లేదో ఇద్దరికీ తెలియదు. అది ఒకసారి గురక పెట్టింది, ఆగింది. తర్వాత కాగితం లాక్కుంది.

సంతకం తడి ఆరకముందే బేకరీ ఆవిడ పరుగెత్తింది. ఐదు దాటాక ఫోన్ మోగింది. "జవాబు తీసుకుని ముద్ర వేశారమ్మా! నాలుగూ యాభై ఎనిమిదికి!"

అమ్మమ్మ అప్పుడు గానీ కుర్చీలో వెనక్కి వాలలేదు.

"ఇక లినక్స్ పెట్టేయనా అత్తయ్యా?"

"ముందు నా ఫాంటుకు దీటైనది పట్టుకురండి. ఆ తర్వాత మిమ్మల్ని పొగుడుతాను."